చెరువు గట్టు మీద దుడ్డుకర్ర

కోడూరు, నాగాయలంక వైపు రొయ్యల చెరువుల గట్ల మీద రాత్రి కాపలా సరంజామా ఎక్కడ చూసినా ఇంచుమించు ఒకటే. తాటాకు కప్పిన మకాం, మంచం, దోమతెర, ఛార్జింగ్ లైటు, మంచం కోడుకు ఆనించిన దుడ్డుకర్ర. చెరువులో ఏరియేటర్లు నీళ్లు చిమ్ముతూ ఉంటాయి. పట్టుబడికి వచ్చిన చెరువంటే లక్షల రూపాయల సరుకు నీళ్లలో ఉన్నట్టే. అర్ధరాత్రి దాటాక ఎవడో విసురు వల వేస్తూ కనిపించాడనుకుందాం. కాపలాదారు ఆ కర్రతో ఏం చేయవచ్చు? ఈ ప్రశ్న బందరులోనో గుడివాడలోనో టీ కొట్టు దగ్గర వేసి చూడండి. ‘మన చెరువులోకి వచ్చినవాణ్ణి మనం ఏం చేసినా కేసుండదు’ అని ఒకరంటారు. ‘వాడి ఒంటి మీద చెయ్యి పడిందా, లోపలికి పోయేది నువ్వే’ అని ఇంకొకరంటారు. రెండూ తప్పే. రెండు తప్పులకూ వేరు ఒక్కటే: ఆత్మరక్షణ హక్కు మనిషికో, స్థలానికో, చేతిలోని ఆయుధానికో అతుక్కుని ఉంటుందనుకోవడం. చట్టం దాన్ని ఆపదకు ముడిపెట్టింది. ఆపద ముంచుకొచ్చినప్పుడు హక్కు పుడుతుంది, ఆపద ఎంతో హక్కూ అంతే, ఆపద తొలగితే హక్కూ తొలగుతుంది. చేతిలో ఉన్నది కర్రా, కత్తా, లైసెన్సు తుపాకీనా అన్నది ఆ తర్వాతి మాట. ఈ ఒక్క సంగతి పట్టుకుంటే మన చుట్టూ తిరిగే అపోహల్లో చాలావరకు వాటంతటవే విడిపోతాయి.

ఈ హక్కు కొత్తదేమీ కాదు. 1860 నాటి భారత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 వరకు ఉన్న సెక్షన్లే 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు, ఇంచుమించు అవే మాటలతో ఉన్నాయి. వాటిని గట్టు మీదికి తెచ్చి చూద్దాం. దొంగ వల లాగుతున్నాడు, చేతిలో మరేమీ లేదు. కాపలాదారు కేక వేయవచ్చు, అడ్డుపడవచ్చు, పట్టుకుని కట్టేయవచ్చు, అందుకు అవసరమైనంత బలం వాడవచ్చు. చెరువు తనది కాకపోయినా ఫరవాలేదు. ఇతరుల ఒంటినీ ఆస్తినీ కాపాడే హక్కు కూడా చట్టంలో ఉంది. ప్రాణం తీసే హక్కు మాత్రం లేదు, ఎందుకంటే వచ్చిన ఆపద రొయ్యలకే. దొంగ మొలలోంచి కత్తి తీసి మీదికొచ్చాడు. ఇప్పుడు ఆపద ప్రాణానికి వచ్చింది, హక్కు కూడా అక్కడిదాకా పెరిగింది. ఆ పెనుగులాటలో అతను చనిపోయినా అది నేరం కాకపోవచ్చు. కత్తి కిందపడింది, దొంగ కూలబడ్డాడు. ఇక హక్కు లేదు. ఆ తర్వాత పడే ప్రతి దెబ్బా కక్ష కిందికే వస్తుంది. మనిషి అతనే, కర్ర అదే, గట్టు అదే. నిమిషం వ్యవధిలో చట్టం మూడు సమాధానాలు చెప్పింది. దొంగ సరుకుతో పారిపోతుంటే వెంటపడి లాక్కునే హక్కు ఉంది. అతను తప్పించుకు పోయాక మర్నాడు ఇల్లు వెతుక్కుంటూ వెళ్లి కొట్టే హక్కు లేదు.

‘దెబ్బ తిన్నాకే కొట్టాలి, కుదిరితే పారిపోవాలి, లేకపోతే కేసు మన మీదికే వస్తుంది’ అనేది రెండో వైపు అపోహ. ఇదీ నిజం కాదు. దాడి చేయబోతున్నాడన్న సహేతుకమైన భయం కలిగిన క్షణానే ఒంటిని కాపాడుకునే హక్కు మొదలవుతుంది. మొదటి దెబ్బ మన మీద పడేదాకా ఆగనక్కర్లేదు. 2010లో దర్శన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఆత్మరక్షణకు సంబంధించిన సూత్రాలను ఒకచోట గుదిగుచ్చింది. నిజమైన దాడి ఎదురైనప్పుడు పిరికితనంతో వెన్నుచూపాలని చట్టం ఎవరినీ కోరదన్నది వాటి సారాంశం. మీదికొస్తున్న మనిషిని ఎంత బలంతో ఆపాలో ఆ క్షణంలో బంగారం తూచే త్రాసులో తూచుకోవాలని కూడా కోర్టులు అడగవు. హద్దు కాస్త దాటినా, ఆ దాటడం సద్భావంతో, పగ లేకుండా జరిగి ప్రాణం పోతే అది హత్య కాకుండా దానికన్నా తక్కువ స్థాయి నేరం అవుతుందనే వెసులుబాటు ఉంది. మరణ భయం, తీవ్ర గాయం, అత్యాచారం, అపహరణ, 2013లో చేర్చిన యాసిడ్ దాడి వంటివి ఎదురైతే ప్రాణం తీసేదాకా హక్కు వెళుతుంది. అంటే మన చట్టం బాధితుడి చేతులు కట్టేయలేదు. ఆపదకు కొలత పెట్టింది, అంతే.

ఆస్తి విషయంలోనే ఈ కొలత ఎక్కువమందికి మింగుడుపడదు. ఆస్తిని కాపాడుకోవడానికి ప్రాణం తీసేదాకా వెళ్లనిచ్చే సందర్భాలు కొన్నే: దోపిడీ, పొద్దుగుంకిన తర్వాత తెల్లవారేలోగా ఇల్లు పగలగొట్టి చొరబడటం, మనుషులుండే ఇంటికో సరుకు దాచిన కట్టడానికో నిప్పు పెట్టడం, ప్రాణం మీదికి వస్తుందన్న భయం సహేతుకంగా కలిగించే దొంగతనం. వల వేసి రొయ్యలు పట్టడం, కొబ్బరి గెలలు దించుకుపోవడం, ఇంజను మోటారు ఎత్తుకుపోవడం వీటిలోకి రావు. ‘మేం నిద్రపోయినా కాపలా కాస్తుంది’ అంటూ గట్టు చుట్టూ కరెంటు తీగ లాగడం ఇంకా పెద్ద పొరపాటు. 1963లో సుప్రీంకోర్టు తేల్చిన బీహార్ కేసు ఒకటి ఇక్కడ గుర్తుంచుకోవాలి. పొరుగింటివాళ్ల మరుగుదొడ్డి గోడ కూలిపోవడంతో వాళ్లు తన దొడ్డి వాడుకుంటున్నారని ఒకతను దాని చుట్టూ కరెంటు పారే బోసి రాగి తీగ చుట్టాడు. హెచ్చరిక దీపం కూడా పెట్టలేదు. తీగ తగిలి ఒక స్త్రీ చనిపోయింది. నా స్థలం, నా దొడ్డి, నా ఆత్మరక్షణ అన్న వాదన కోర్టులో నిలవలేదు, శిక్ష పడింది. అందులో తర్కం తేలికైనదే. మనిషి ఎదురుగా ఉండి చేయకూడని పనిని తీగ చేత చేయించకూడదు. పైగా కాపలాదారుకి ఉన్న కళ్లు తీగకు లేవు. దొంగెవరో, వలకట్టు దాటి వచ్చిన పిల్లాడెవరో, దూడ వెతుక్కుంటూ వచ్చిన రైతెవరో దానికి తెలియదు. ఆపద ఉందా లేదా అని చూడలేని వస్తువుకు ఆత్మరక్షణ హక్కు ఎక్కడిది?

ఇక తుపాకీ. మన జిల్లాల్లో గన్‌మెన్ ఉండటం రక్షణ కన్నా హోదాకి గుర్తు. ‘టూ ప్లస్ టూ ఇచ్చారట’ అనే మాటలోనే ఆ గౌరవం వినిపిస్తుంది. సొంత లైసెన్సు ఉంటే ఇక కాల్చే అధికారం చేతికొచ్చినట్టేనని నమ్మేవాళ్లు ఉన్నారు. 1959 ఆయుధాల చట్టం కింద ఇచ్చే లైసెన్సు తుపాకీ దగ్గర పెట్టుకోవడానికి అనుమతి మాత్రమే. కాల్చడం తప్పా ఒప్పా అన్నది తేల్చేది మళ్లీ ఆ ఆత్మరక్షణ సెక్షన్లే. లైసెన్సున్న రైతు తుపాకీకి, లైసెన్సు అవసరం లేని దుడ్డుకర్రకు అక్కడ కొలత ఒక్కటే. లాఠీ, చేతికర్ర, కేవలం ఇంటిపనికీ సేద్యానికీ చేసిన పనిముట్లు ‘ఆయుధం’ అన్న నిర్వచనంలోకే రావని ఆ చట్టం విడిగా చెప్పింది. అయినా వాటితో ప్రాణం తీస్తే శిక్ష తగ్గదు. 2019 సవరణతో ఒక మనిషికి గరిష్ఠంగా రెండు తుపాకులే అన్నారు, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెంచారు, పెళ్లి ఊరేగింపుల్లో సంబరానికి నిర్లక్ష్యంగా కాల్చి ఇతరులకు ప్రమాదం తెస్తే రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ అన్నారు. బహిరంగ స్థలంలో తుపాకీ తీసి ఝళిపించడాన్ని 2016 నిబంధనలు నిషేధించాయి. కాబట్టి ‘కాల్చనులే, చూపించి బెదిరిస్తా’ అన్న మాట కూడా చెల్లదు. ఎన్నికల కోడ్ వచ్చిందంటే లైసెన్సు తుపాకులు స్టేషన్లో జమ చేయమంటారు. ఊళ్లో ఉద్రిక్తత ఎక్కువగా ఉండే రోజుల్లో చాలా తుపాకులు ఉండేది స్టేషన్ బీరువాలోనే.

తుపాకీ చేతిలో ఉన్నా అది కాపాడుతుందా అన్నది చట్టంతో సంబంధం లేని మరో ప్రశ్న. 2020 నవంబరు 29న మచిలీపట్నంలో అప్పటి మంత్రి పేర్ని నాని ఇంటి దగ్గర ఏం జరిగిందో ఒకసారి గుర్తు చేసుకోండి. దండం పెట్టడానికన్నట్టు దగ్గరికి వచ్చిన మనిషి తాపీతో పొడవబోయాడు. దెబ్బ బెల్టు బకిల్‌కు తగిలింది, మంత్రికి గాయం కాలేదు, అక్కడున్నవాళ్లు అతణ్ణి పట్టుకున్నారు. ఆ క్షణంలో ప్రాణం కాపాడింది బెల్టు బకిలూ పక్కనున్న మనుషులూ. తుపాకీతో దాన్ని ఆపే వ్యవధే లేదు. 2005 జనవరి 24న అనంతపురంలో మాజీ మంత్రి పరిటాల రవి హత్య జరిగినప్పుడు ఆయన వెంట గన్‌మెన్ ఉన్నారు. దాడి చేసేవాడికి సమయం, చోటు ఎంచుకునే వీలుంటుంది, కాచుకునేవాడికి ఉండదు. అమెరికాలోని సాల్ట్‌లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ ట్యూలర్ 1983లో ఈ సంగతిని లెక్కగట్టి చూపించాడు. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరాన్ని సుమారు సెకనున్నరలో దాటేస్తాడు, శిక్షణ ఉన్న పోలీసుకు తుపాకీ తీసి కాల్చడానికీ ఇంచుమించు అంతే సమయం పడుతుంది. 21 అడుగులంటే మన పెంకుటింటి వసారా నుంచి వీధి గుమ్మం దాకా. ఇంట్లో పిల్లలుంటే తుపాకీని బీరువాలో పెట్టి, తూటాలు వేరేచోట పెట్టి తాళం వేయాలి. అలా జాగ్రత్తపడినవాడికి అది సెకనున్నరలో అందదు. వెంటనే అందేలా తలగడ కింద పెట్టుకున్నవాడి ఇంట్లో అది అందరికన్నా ముందు పిల్లల చేతికి అందుతుంది.

‘ఇవన్నీ నిరాయుధుల మాటలు, అమెరికాలో ఇంటింటా తుపాకీ ఉంది, అక్కడ దొంగలు భయపడరా?’ అన్న ప్రశ్న రావడం సహజం. గుడివాడ, బందరు ప్రాంతాల్లో అమెరికాలో పిల్లలున్న ఇళ్లు తక్కువేం కాదు కనుక ఆ లెక్కలు మనకూ పనికొస్తాయి. అక్కడ ఏటా 25 లక్షల సార్లు తుపాకీతో ఆత్మరక్షణ జరుగుతోందని 1995లో క్లెక్, గెర్ట్జ్ అనే పరిశోధకులు ఫోను సర్వే ఆధారంగా అంచనా వేశారు. ప్రభుత్వం జరిపే నేర బాధితుల సర్వేను తీసుకుని హెమెన్‌వే, సోల్నిక్ 2015లో లెక్కేస్తే, 2007–11 మధ్య బాధితుడు నేరస్థుడికి ఎదురుపడిన సంఘటనల్లో తుపాకీతో కాచుకున్నవి 0.9 శాతమే. కాచుకునే ప్రయత్నం చేశాక గాయపడటంలో తుపాకీ వాడినవారికీ ఇతర మార్గాలు చూసుకున్నవారికీ పెద్ద తేడా లేదు. సొత్తు దక్కించుకోవడంలో మాత్రం కొంత మేలు కనిపించింది. తుపాకీ ఉన్న ఇంట్లో హత్య జరిగే ప్రమాదం 2.7 రెట్లు ఎక్కువని 1993లో కెల్లర్‌మన్ బృందం తేల్చింది. ‘ప్రమాదం ఉన్నవాళ్లే తుపాకీ కొనుక్కుంటారు, అందుకే ఆ లెక్క’ అని దాని మీద ఆక్షేపణ వచ్చింది. ఆక్షేపణలో పస ఉంది. దానికి జవాబు 2022లో కాలిఫోర్నియా అధ్యయనంలో దొరికింది. తమకు తుపాకీ లేకపోయినా, ఇంట్లో మరొకరికి తుపాకీ ఉన్న పెద్దలను అందులో పరిశీలించారు. తుపాకీలేని ఇళ్లవారితో పోలిస్తే వాళ్లు హత్యకు గురయ్యే రేటు రెట్టింపు దాటింది. వీధి దొంగ కోసం తెచ్చిన వస్తువు వంటింటి తగాదాలోకి వచ్చేస్తోంది. మన దగ్గర తుపాకులు అరుదు కనుక ఆ అంకెలు ఇక్కడ అలాగే వర్తించవు. అయితే గట్టు తగాదాలో అన్నదమ్ముల మధ్య లేచే కొడవలి, గడ్డపలుగు చెప్పే నీతి అదే: కోపం వచ్చిన నిమిషంలో చేతికి అందేది ఎంత పదునైతే గాయం అంత లోతుగా దిగుతుంది.

ప్రాణం తీయని ఆయుధమైతే ఏ గొడవా ఉండదనే నమ్మకం తప్పని చెప్పడానికి మన ప్రాంతంతో ముడిపడిన ఉదాహరణే ఉంది. 2014 ఫిబ్రవరి 13న ఆంధ్రప్రదేశ్ విభజన బిల్లు గొడవలో విజయవాడ ఎంపీ లగడపాటి రాజగోపాల్ లోక్‌సభలో పెప్పర్ స్ప్రే చల్లారు. తన మీద దాడికి వస్తే ఆత్మరక్షణ కోసం వాడానన్నారు. ఆ వాదన సంగతి అలా ఉంచి, ఆ వస్తువు చేసిన పని చూడండి. మూసి ఉన్న సభలో ఘాటు పార్టీ చూసుకోలేదు. దగ్గులు, కళ్ల మంటలతో సభ్యులు బయటికి పరుగెత్తారు, కొందరిని ఆస్పత్రికి తీసుకెళ్లారు. బస్సులో, లిఫ్టులో, గదిలో చల్లినా అంతే, చల్లినవారి కళ్లలోనూ పడుతుంది. ఆరుబయట గాలి ఎటు వీస్తోందో చూసుకుని, ఒక్కసారి కొట్టి పరుగెత్తడానికే అది పనికొస్తుంది. ఒంటరిగా వెళ్లే అమ్మాయి పర్సులో కారప్పొడి పొట్లం ఉంచుకోవడం తప్పేమీ కాదు. మీద చెయ్యి వేసినవాడి కళ్లలో కొట్టడం ఆమె హక్కు. అదే మాటల తగాదాలో వాడితే కేసు అవుతుంది. ప్రాణానికి ముప్పులేని గొడవలో పెప్పర్ స్ప్రే వాడటాన్ని ఆత్మరక్షణగా ఒప్పుకోలేమంటూ, అదీ ప్రమాదకర ఆయుధమేనని 2024లో కర్ణాటక హైకోర్టు అలాంటి ఒక కేసు కొట్టేయడానికి నిరాకరించింది. చిన్న ఆయుధానికైనా పెద్ద ఆయుధానికైనా ముందు అడిగేది ‘ఆపద ఎంత?’ అనే.

ఆత్మరక్షణకు ఆధారమైన భయం సహేతుకంగా ఉండాలని చట్టం ఎందుకు పట్టుబడుతుందో 2018 మే నెల చెప్పింది. పార్థీ దొంగల ముఠాలు దిగాయని, పిల్లల్ని ఎత్తుకుపోతున్నారని వాట్సాప్‌లో వీడియోలు తిరిగాయి. తెలుగు రాష్ట్రాల ఊళ్లలో కుర్రాళ్లు కర్రలతో రాత్రుళ్లు కాపలా కాశారు. తెలంగాణలో కొత్త మనిషి కనబడితే చాలు కొట్టారు; యాదాద్రి భువనగిరి, నిజామాబాద్, హైదరాబాద్ ప్రాంతాల్లో అమాయకులు చనిపోయారు. కొట్టినవాళ్లలో ఎవరిని అడిగినా పిల్లల్ని కాపాడుకోవడానికే అంటారు. కానీ అక్కడ కాపాడుకోవాల్సిన ఆపదే లేదు, ఉన్నది పుకారు. ఇదే సమయంలో జోగులాంబ గద్వాల, వనపర్తి జిల్లాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి పోలీసులను ఊరూరా పంపి, పాటలతో, డప్పుతో ఆ వీడియోలు అబద్ధమని చెప్పించారు. అక్కడ ప్రాణనష్టం జరగలేదు. భయం ఒకటే, అది తీరిన తీరు వేరు. ఒకచోట నిజమేమిటో కనుక్కున్నారు, మరోచోట కర్ర తీశారు.

‘నన్ను నేను కాపాడుకున్నాను’ అని చెప్పినంత మాత్రాన కథ ముగిసిపోదన్నదీ తెలియాలి. ఆత్మరక్షణ అని నిరూపించే బాధ్యత అది చెప్పుకునేవాడిదే. అయితే నేరాన్ని నిరూపించినంత గట్టిగా నిరూపించనక్కర్లేదు. అలా జరిగి ఉండటానికే ఎక్కువ అవకాశం ఉందనిపిస్తే చాలు. ఈ పరీక్షకు ప్రభుత్వ తుపాకీ కూడా అతీతం కాదు. పోలీసు ఎన్‌కౌంటర్‌లో ఎవరైనా చనిపోతే ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు ఉండాలని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. 2019 డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురూ పోలీసు కాల్పుల్లో చనిపోయినప్పుడు జనం పోలీసుల మీద పూలు చల్లారు. తమ మీద కాల్పులు జరిపితే ఆత్మరక్షణకు కాల్చామని పోలీసులు చెప్పారు. సుప్రీంకోర్టు వేసిన సిర్పుర్కర్ కమిషన్ ఆ మాట నమ్మదగినది కాదని, పది మంది పోలీసులపై హత్యాభియోగంతో విచారణ జరపాలని 2022లో బయటికి వచ్చిన నివేదికలో సిఫారసు చేసింది. అది కమిషన్ అభిప్రాయం. కోర్టు తీర్పు వేరే విషయం. కానీ యూనిఫాం వేసుకున్నవాడి మాటనే ఇన్ని ప్రశ్నలు అడిగే వ్యవస్థ, చెరువు గట్టు మీది మనిషిని ఏమీ అడగకుండా వదిలేస్తుందనుకోవడం అత్యాశ.

చివరి ఆక్షేపణ అన్నిటికన్నా బలమైనది. పోలీసులు వచ్చేసరికి ఎవరు బతికుంటారు? ఎదురుమొండి దీవుల్లో ఉన్నవాడికి రాత్రిపూట స్టేషనంటే మధ్యలో ఏరు దాటే పని. నిజమే, చట్టం కూడా ఆ దూరాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. అధికారుల సాయం కోరే వ్యవధి ఉంటే సొంతంగా బలం వాడే హక్కు లేదంటుంది. అంటే వ్యవధి లేనివాడికి ఆ హక్కు ఉన్నట్టే. బందరు నడిబొడ్డున వీధిదీపం కింద నిలబడ్డవాడి కన్నా దీవిలో ఒంటరివాడికి కోర్టు ఎక్కువ వెసులుబాటు ఇస్తుంది. అయితే దూరం తెచ్చే భయాన్ని ఆయుధం కన్నా ముందు తగ్గించేవి ఉన్నాయి. ఊరెళ్తూ పోలీసులకు చెబితే తాళం వేసిన ఇంట్లో కెమెరా పెట్టే ఎల్‌హెచ్‌ఎంఎస్ సదుపాయం మన రాష్ట్రంలో ఉంది. చెరువుల దగ్గరైతే పక్క గట్టువాడి నంబరు, మకాం మీద పెద్ద లైటు, 112. వెలుగు పడ్డాక, నాలుగు గొంతులు లేచాక వల వేసేవాడు సాధారణంగా నిలబడడు. అన్నీ దాటి కర్ర ఎత్తాల్సి వస్తే, అవతలివాడి చేయి ఆగగానే మన చేయి ఆగాలి. ఆ వెంటనే పడిపోయినవాడికి 108, స్టేషనుకు 112, రెండు ఫోన్లూ కొట్టినవాడే చేయాలి. కర్ర కడగకూడదు, దాచకూడదు, వల ఎక్కడ పడిందో అక్కడే ఉండనివ్వాలి. రేపు బందరు కోర్టులో ఆ రాత్రి ఎంత ఆపద వచ్చిందో సాక్ష్యం చెప్పాల్సినవి అవే: కత్తి పడిన చోటు, వల తడి, ఫోన్‌లో మొదటి కాల్ టైము.